పెద్ద దేశంతో చిన్న దేశం బేరం: ఎవరు ఎన్నాళ్ళు ఆగగలరు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీరు తిరుపతిలో ఎంఏ ఎకనామిక్స్ చదువుతున్నారు, మీ నాన్నగారు చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం వైపు తోతాపురి మామిడి రైతు. అమెరికా లాంటి దేశం సుంకం పెంచితే బక్క దేశం నిజంగా చేయగలిగింది ఏమైనా ఉందా? లేక కాస్త ఆలస్యంగా తల వంచడానికే ‘చర్చలు’ అని పేరు పెట్టుకున్నామా? దీని మీద ప్రాజెక్టు చేయాలంటే ఏ దేశాన్ని తీసుకోవాలి?

నేను చిత్తూరులో మామిడి పల్ప్ ఎగుమతుల కాగితాల పని చాలా ఏళ్ళు చూశాను, ఆ తర్వాత ఎంబీఏ పిల్లలకి విదేశీ వాణిజ్యం చెప్పాను. నాకు తెలిసినంతలో చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

చేయగలిగింది ఉంది. అయితే జీడీపీతోనో సైన్యంతోనో కొలిస్తే అది కనపడదు. బేరానికి కూర్చున్నాక అన్నిటికంటే ముందు లెక్కకొచ్చేది, ఒప్పందం కుదరకపోతే ఎవరు ఎన్నాళ్ళు ఆగగలరు అన్నది. రెండోది దాని వెనకే వస్తుంది: ఆగినన్నాళ్ళూ పెద్ద దేశంలో ఎవరికి నొప్పి? ఆ నొప్పి పడేవాళ్ళ మాట వాళ్ళ రాజధానిలో చెల్లుతుందా? పెద్ద దేశం మొత్తంగా పెద్దదే కావచ్చు, ప్రతి సరుకులోనూ పెద్దది కాదు.

ఇది మీకు కొత్త సంగతి కాదు, 2025 సీజన్లో మీ ఇంట్లోనే చూసుంటారు. పాత పల్ప్ నిల్వలు మిగిలిపోయాయి, బయటి ఆర్డర్లు తగ్గాయి అన్నాయి ఫ్యాక్టరీలు. కోసిన తోతాపురి ట్రాక్టర్లలో గేటు బయట రోజుల తరబడి నిలబడింది. చివరికి ప్రభుత్వం కలగజేసుకుని కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, తాను 4 రూపాయలు, మొత్తం 12 అని లెక్క కట్టాల్సి వచ్చింది. ఫ్యాక్టరీ వాళ్ళు రైతుకంటే తెలివైనవాళ్ళని కాదు. కాయ మగ్గిపోతుంది, పల్ప్ మాత్రం క్రిములు చేరని ఎసెప్టిక్ డ్రమ్ములో ఏడాది పైనే ఆగుతుంది. తేడా అంతా అక్కడే ఉంది. ఆ సీజన్లోనే, జూన్‌లో, చిత్తూరు జిల్లా యంత్రాంగం పక్క రాష్ట్రాల తోతాపురి రాకుండా ఆపింది. కర్ణాటక సరిహద్దు రైతులు గోల పెట్టారు, ముఖ్యమంత్రి సిద్ధరామయ్య స్వయంగా చంద్రబాబుకి ఉత్తరం రాశారు. కర్ణాటక మనకంటే ధనిక రాష్ట్రం. కానీ ఆ కాయని కొనే ఫ్యాక్టరీల్లో ఎక్కువ భాగం సరిహద్దుకి ఇవతల ఉన్నాయి కాబట్టి, ఆ నెల రోజులూ ఆ ఒక్క సరుకులో బెంగళూరు కంటే చిత్తూరుదే పైచేయి.

దేశాల మధ్య ఇదే సంగతి చూడాలంటే నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఐస్‌లాండ్ కథ. 1950ల మొదట్లో దాని జనాభా ఇప్పటి తిరుపతి నగర జనాభాకంటే బాగా తక్కువ. సైన్యం లేదు. అమ్ముకోవడానికి చేప తప్ప చెప్పుకోదగ్గ సరుకూ లేదు. 1952లో ఆ దేశం తన సముద్రపు హద్దుని 3 మైళ్ళ నుంచి 4 మైళ్ళకి జరిపి, అఖాతాలు కూడా తనవేనంది. ఆ నీళ్ళలో ఎప్పటినుంచో చేపలు పడుతున్న బ్రిటిష్ ట్రాలర్ల యజమానులకి మండిపోయింది. ఐస్‌లాండ్ చేపని బ్రిటన్ రేవుల్లో దింపనివ్వమని నిషేధం పెట్టారు. ఐస్‌లాండ్ తాజా చేపకి బ్రిటనే పెద్ద మార్కెట్. చేప రెండు రోజులు ఆగితే కంపు కొడుతుంది. లెక్క ప్రకారం వారాల్లో కాళ్ళ బేరానికి రావాలి.

రాలేదు. ఐస్‌లాండ్ రెండు పనులు చేసింది. ఒకటి, 1953లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకుని చేపలిచ్చి చమురు తీసుకుంది. కొన్నేళ్ళలోనే సోవియట్లు వాళ్ళ పెద్ద కొనుగోలుదారుల్లో చేరిపోయారు. రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం అదే ముఖ్యం. చేపని గడ్డకట్టించి అమ్మడం మీద గట్టిగా దృష్టి పెట్టి, ఆ ఫ్రోజెన్ చేపని అమెరికా మార్కెట్‌కి ఎక్కించింది. మన పల్ప్‌లాగే, పాడయ్యే సరుకు కాస్తా ఆగే సరుకైంది. 1956లో నిషేధం ఎత్తేశారు, 4 మైళ్ళ హద్దు అలాగే ఉండిపోయింది. తర్వాత 1958లో 12 మైళ్ళు, 1972లో 50, 1975లో 200 మైళ్ళు. ప్రతిసారీ బ్రిటన్ యుద్ధనౌకల్ని పంపింది, ప్రతిసారీ ఐస్‌లాండ్ కోస్ట్ గార్డు పడవలు ఎదురు నిలిచాయి. చివరి రెండు గొడవల్లో ట్రాలర్ల వలల్నే కత్తిరించి పారేశాయి. 1976 జూన్‌లో బ్రిటన్ 200 మైళ్ళకి కూడా ఒప్పుకుంది.

ఇది ఊరికే ధైర్యంతో అయిన పని అనుకోకండి. ఐస్‌లాండ్‌లోని కెఫ్లావిక్‌లో అప్పట్లో నాటో సైనిక కూటమి స్థావరం ఉండేది. ఉత్తర అట్లాంటిక్‌లోకి వచ్చే సోవియట్ జలాంతర్గాముల మీద అమెరికా కన్నేసి ఉంచడానికి అది కీలకం. స్థావరం మూసేస్తామన్న మాట ఐస్‌లాండ్ రాజధాని రెక్యవిక్‌లో లేచినప్పుడల్లా వాషింగ్టన్ నుంచి లండన్‌కి ఒత్తిడి వెళ్ళేది. పైగా ఐస్‌లాండ్‌కి చేప అంటే బతుకు, బ్రిటన్‌కి అది రెండు మూడు రేవు పట్టణాల సమస్య. పెద్ద దేశం ముందు ఒకేసారి నలభై ఫైళ్ళు ఉంటాయి. చిన్న దేశం ముందు ఒకటే ఉంటుంది, రాత్రింబవళ్ళు దాని మీదే కూర్చుంటుంది. ఈ శ్రద్ధలో తేడా బేరంలో ఎంత పనిచేస్తుందో పాఠ్యపుస్తకాలు సరిగా చెప్పవని నా ఫిర్యాదు.

ఆగలేని దేశం ఎలా ఉంటుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. 1965, 66ల్లో వరసగా కరువు. పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద వచ్చే గోధుమ ఓడ దిగింది దిగినట్టే రేషన్ షాపుకి పోయే రోజులవి. ప్రెసిడెంట్ జాన్సన్ దీర్ఘకాలిక ఒప్పందం ఆపేసి, ఓడల్ని కొద్దికొద్దిగా వదిలాడు. వ్యవసాయ విధానం మార్చమన్నారు, వియత్నాం మీద మన విమర్శలు వాళ్ళకి కంటగింపుగా ఉండేవి. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించి డాలర్ 4 రూపాయల 76 పైసల నుంచి 7 రూపాయల 50 పైసలకి చేర్చారు. దాని వెనక ప్రపంచ బ్యాంకు, అమెరికాల ఒత్తిడి ఉంది. తిండికి చెయ్యి చాచినవాడు వాణిజ్యంలో గట్టిగా మాట్లాడలేడు. కానీ అదే సమయంలో ఆహార మంత్రి సి. సుబ్రమణ్యం మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం తెప్పించారు. 1965-66లో కోటి టన్నుల చిల్లర ఉన్న గోధుమ పంట 1967-68కి కోటీ 65 లక్షల టన్నులైంది. జాన్సన్‌కి జవాబు రాయబారులు ఇచ్చారంటే నేను ఒప్పుకోను, ఆ విత్తనం ఇచ్చింది. చిన్న దేశం బేరంలో సగం బేరానికి కూర్చోకముందే, సొంత ఊళ్ళో జరిగిపోతుంది.

ఇక ‘వాళ్ళలో ఎవరికి నొప్పి’ సంగతి.

2018లో ట్రంప్ మొదటిసారి ఉక్కు మీద 25 శాతం, అల్యూమినియం మీద 10 శాతం వేసినప్పుడు మన వాళ్ళు జూన్‌లోనే ప్రతీకార సుంకాల జాబితా ప్రకటించారు. ప్రకటించి పదే పదే వాయిదా వేశారు. పిరికితనం అని పేపర్లు తిట్టాయి, కొంత నిజమే కూడా. 2019 జూన్ 5న అమెరికా మనకిచ్చే జీఎస్‌పీ సుంకాల రాయితీ తీసేశాక, జూన్ 16న 28 సరుకుల మీద వేశారు. ఆ జాబితా చూడండి: బాదం, అక్రోట్, ఆపిల్, శనగలు, పప్పులు. అమెరికా మొత్తం ఎగుమతుల్లో ఇవి లెక్కలోకి రావు. కానీ కాలిఫోర్నియా బాదం తోటల వాళ్ళకి ఇండియా పెద్ద మార్కెట్. వాషింగ్టన్ రాష్ట్రం ఆపిల్ మీద సుంకం 50 నుంచి 70 శాతానికి పోయేసరికి వాళ్ళ సరుకు ఇక్కడికి రావడం దాదాపు ఆగిపోయింది, ఆ చోటు వేరే దేశాలు తీసుకున్నాయి. ఆ రాష్ట్రం ఎంపీలు, సెనేటర్లు నాలుగేళ్ళు వాళ్ళ ప్రభుత్వం చెవిలో జోరీగల్లా తిరిగారు. 2023 జూన్‌లో ప్రధాని అమెరికా వెళ్ళినప్పుడు ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ)లో ఉన్న ఆరు కేసులు ఒక్కసారే ముగించుకున్నారు. మనం బాదం, ఆపిల్ మీద అదనపు సుంకం తీశాం, వాళ్ళు మన ఉక్కు, అల్యూమినియంకి కొంత దారిచ్చారు. గొప్ప విజయం కాదు, చెడ్డ బేరమూ కాదు.

ప్రతీకార సుంకమే వేయాలని కూడా లేదు. 2014 మే 1 నుంచి యూరోపియన్ యూనియన్ మన మామిడి పండ్ల దిగుమతి ఆపేసింది, పండు ఈగ దొరికిందని. మామిడిని నమ్ముకుని బతికేది మనమే కాదు కదా. బ్రిటన్ అప్పటికి ఇంకా ఆ యూనియన్‌లోనే ఉంది, అక్కడి లెస్టర్‌లో మనవాళ్ళ దుకాణాలకి ఆ సీజన్ పోయింది. అక్కడి ఎంపీ కీత్ వాజ్ ఈ గొడవని బ్రిటిష్ పార్లమెంటులోకి తీసుకెళ్ళాడు. ఇక్కడ మనవాళ్ళు ప్యాక్‌హౌస్‌ల్లో తనిఖీ, వేడినీటి శుద్ధి సరిచేసుకుని యూరప్ ఇన్‌స్పెక్టర్లకి చూపించారు. 2015 చివరిదాకా ఉండాల్సిన నిషేధం ఆ ఏడాది మొదట్లోనే పోయింది. అక్కడ అరిచేవాడూ కావాలి, ఇక్కడ పని చేసేవాడూ కావాలి. ఒక్కటే ఉంటే సాగదు.

మామిడి అన్నాం కాబట్టి ఇంకోటి చెప్పి ముందుకి పోతాను. అమెరికా పురుగుల భయంతో దాదాపు 18 ఏళ్ళు మన మామిడిని రానివ్వలేదు. 2006 మార్చిలో బుష్ ఢిల్లీ వచ్చినప్పుడు మాట కుదిరింది, 2007 ఏప్రిల్‌లో మొదటి పెట్టెలు వెళ్ళాయి. బదులుగా మనం హార్లే-డేవిడ్సన్ పెద్ద బైకుల్ని యూరో-3 పొగ ప్రమాణాలతో రానిచ్చాం. పేపర్లు మామిడికి మోటార్‌సైకిల్ అని ముచ్చటగా రాశాయి. తర్వాత ఏమైంది? ఆ బైకుల మీద మన దిగుమతి సుంకం అలాగే ఉంది కాబట్టి కంపెనీ వెంటనే రాలేదు, హైదరాబాద్‌లో మొదటి షోరూమ్ తెరిచేసరికి 2010 అయింది. మన వైపు, పండుకి రేడియేషన్ కొట్టించాల్సి వచ్చింది, అప్పట్లో ఆ ప్లాంటు మహారాష్ట్రలోని లాసల్‌గావ్‌లో ఉండేది, అమెరికా ఇన్‌స్పెక్టర్ దగ్గరుండి చూడాల్సి వచ్చేది, ఆ ఖర్చు మనదే, ఆపైన విమానం చార్జీ. అక్కడ మన పండు ధర చూసి జనం మెక్సికో పండు కొనుక్కున్నారు. రెండు వైపులా తలుపు తీశారు, వచ్చి కూర్చున్నవాడు లేడు. మంత్రులు చేతులు కలిపిన ఫోటోలో ఇవేవీ కనపడవు. పల్ప్ మరిగించిన సరుకు కాబట్టి ఈ గొడవ లేకుండా చిత్తూరు డ్రమ్ములు గల్ఫ్‌కి, నెదర్లాండ్స్‌కి మామూలుగానే పోయాయి. ఒప్పందం చదివేటప్పుడు సుంకం శాతం ఉన్న పేజీ కంటే ముందు ప్రమాణాలు, తనిఖీలు ఉన్న పేజీ చదవమని పిల్లలకి చెప్పేవాణ్ణి.

కోర్టుకి పోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. డబ్ల్యూటీఓ పుట్టినప్పుడు చిన్న దేశాల ఆశ అదే. కోస్టారికా తన లోదుస్తుల మీద అమెరికా పెట్టిన పరిమితిపై కేసు వేసి 1997లో గెలిచింది. పెరూ తన చేపని ‘సార్డిన్’ అన్న పేరుతో అమ్మనివ్వని యూరప్ మీద 2002లో గెలిచింది. ఇంతవరకూ బాగానే ఉంది. ఆంటిగ్వా సంగతి వేరు. లక్ష మంది కూడా లేని ద్వీపం, ఆన్‌లైన్ జూదం విషయంలో అమెరికా మీద 2003లో కేసు వేసి గెలిచింది. నష్టం ఏడాదికి 344 కోట్ల డాలర్లని అడిగితే, 2007లో 2 కోట్ల 10 లక్షల డాలర్ల మేరకు అమెరికా కాపీరైట్లని, పేటెంట్లని పక్కన పెట్టే హక్కు ఇచ్చారు. అమెరికా ఆ చట్టం మార్చలేదు, సంతృప్తికరంగా ఏమీ చెల్లించలేదు. పర్యాటకుల మీద బతికే ద్వీపం అమెరికా సినిమాలు కాపీ కొట్టి అమ్ముకునే ధైర్యం చేయలేదు. డిక్రీ చేతిలో ఉంది, వసూలు లేదు. మన సివిల్ కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు.

అదే కోర్టులో బ్రెజిల్ ఎలా వసూలు చేసుకుందో చూస్తే తేడా తెలుస్తుంది. పత్తి మీద అమెరికా తన రైతులకిచ్చే సబ్సిడీల గురించి 2002లో కేసు. డబ్బు బ్రెజిల్ పత్తి రైతుల సంఘం పెట్టుకుంది, లెక్కలు కట్టింది కాలిఫోర్నియాలో పనిచేసే అమెరికన్ ప్రొఫెసర్. 2005కి అప్పీల్లోనూ గెలిచారు. అమెరికా పైపైన సర్దుబాట్లు చేసి ఊరుకుంది. 2009లో ప్రతీకారానికి అనుమతి వచ్చింది. 2010 మార్చిలో బ్రెజిల్ 102 అమెరికా సరుకుల జాబితా అచ్చేసింది, కార్లు, కాస్మెటిక్స్, గోధుమ, అన్నీ. దాంతో ఆగకుండా మందుల పేటెంట్లు, సినిమా కాపీరైట్ల మీద కూడా చెయ్యి వేస్తామంది. మొత్తం విలువ సుమారు 82 కోట్ల 90 లక్షల డాలర్లు. పత్తి రైతు సంగతి ఎన్నడూ పట్టించుకోని మందుల కంపెనీలు, హాలీవుడ్ ఒక్కసారిగా ఉలిక్కిపడ్డాయి. నెల తిరిగేలోపు అమెరికా బేరానికొచ్చింది. ఏడాదికి 14 కోట్ల 73 లక్షల డాలర్లు బ్రెజిల్ పత్తి రైతుల నిధికి కడతామంది, 2014లో మరో 30 కోట్ల డాలర్లు ఇచ్చి కేసు మూసుకుంది. తన రైతుకి సబ్సిడీ మానలేక అవతలి దేశం రైతుకి కూడా డబ్బులు కట్టిందన్నమాట. ఇంత విచిత్రం వాణిజ్య చరిత్రలో అరుదు.

అదే పత్తి, అదే సబ్సిడీ, దెబ్బ ఇంకా ఎక్కువ తగిలింది బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలీ దేశాలకి. ఆ నాలుగూ 2003లో కలిసి డబ్ల్యూటీఓ ముందుకి వచ్చాయి. బుర్కినా ఫాసో అధ్యక్షుడు స్వయంగా జెనీవా వెళ్ళి మాట్లాడాడు. న్యాయం వాళ్ళ వైపే ఉందని అమెరికా పత్రికలు కూడా రాశాయి. మెక్సికోలోని కాంకున్‌లో జరిగిన డబ్ల్యూటీఓ సమావేశంలో చేతికొచ్చిన ముసాయిదా చూస్తే, పత్తి మానేసి వేరే పనులు చూసుకొమ్మన్నట్టుంది. వాళ్ళ దగ్గర ఆపడానికి ఏముంది? అమెరికా కార్లు కొనే మార్కెట్టా, బెదిరించడానికి పేటెంట్లా? పైగా అమెరికా సాయం అందుకునే దేశాలు. 2005 హాంకాంగ్‌లో పత్తి ఎగుమతి సబ్సిడీలు ఎత్తేస్తామన్న మాట దొరికింది, అసలు నొప్పి ఉన్న దేశీయ సబ్సిడీలు మాత్రం మిగిలిపోయాయి. న్యాయం ఉంటే సభలో చప్పట్లు వస్తాయి, సుంకం తగ్గదు.

ఇప్పుడు ఆ కోర్టు కూడా పనిచేయడం లేదు. అప్పీలు బెంచికి కొత్త సభ్యులని అమెరికా ఒప్పుకోకపోవడంతో 2019 డిసెంబర్ నుంచి అది కేసులు వినలేని స్థితిలో పడింది. ఓడిన దేశం అప్పీలుకి వెళ్ళి కూర్చుంటే కేసు అక్కడే ఆగిపోతుంది. కాబట్టి కేసు పెట్టి గెలుద్దాం అనే అధ్యాయాన్ని మీ ప్రాజెక్టులో చరిత్రగా రాయండి.

కూటములు? నా అభిప్రాయంలో కూటమి అడ్డుకోవడానికి బాగా పనికొస్తుంది, తెచ్చుకోవడానికి తక్కువ. 2003లో బ్రెజిల్, ఇండియా, దక్షిణాఫ్రికా, చైనా ముందుండి కట్టిన జీ-20 బృందం (ఇప్పుడు వార్తల్లో వినే జీ-20 కాదు), ఆఫ్రికా దేశాలు గట్టిగా నిలబడ్డాక కాంకున్ కూలిపోయింది. పేదలకి దానివల్ల ఒరిగింది ఏమిటంటే, చెడ్డ ఒప్పందం రాలేదు, అంతే. దీనికి పెద్ద మినహాయింపు 2001 నవంబర్‌లో దోహాలో మందుల పేటెంట్ల మీద వచ్చిన ప్రకటన. ప్రజారోగ్యం కోసం పేటెంటుని దాటి మందు తయారు చేయించుకునే హక్కుని అక్కడ స్పష్టంగా రాయించుకున్నారు. అదెలా సాధ్యమైంది? ఆ ఫిబ్రవరిలో మన సిప్లా ఎయిడ్స్ మందుల్ని రోగికి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామంది, పేటెంటు మందుల ఖర్చు అప్పటికి 10,000 డాలర్ల పైమాట. ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికా మీద వేసిన కేసుని 39 మందుల కంపెనీలు వెనక్కి తీసుకున్నాయి. అక్టోబర్‌లో ఉత్తరాల్లో ఆంత్రాక్స్ క్రిములు వస్తున్నాయన్న భయంతో అమెరికానే బేయర్ కంపెనీని ఆ జబ్బుకి వాడే సిప్రో మందు ధర తగ్గించమని ఒత్తిడి చేసింది. ఆఫ్రికాకి చెప్పిన నీతి చివరికి తనకే అడ్డం వచ్చింది. అంటే బయట వేరే సరుకు దొరికింది, అవతలివాడి ఇంట్లో ఇబ్బంది పుట్టింది, అప్పుడే కూటమి మాటకి బరువొచ్చింది. ఈ రెండూ లేకపోతే తీర్మానం కాగితం మీదే ఉండేది.

2025 సంగతికి వద్దాం, మీరు అసలు అడిగింది అదే. ఏప్రిల్ 2న ట్రంప్ చదివిన పట్టికలో లెసోతోకి 50 శాతం, కంబోడియాకి 49, వియత్నాంకి 46, శ్రీలంకకి 44, బంగ్లాదేశ్‌కి 37, ఇండోనేషియాకి 32. రెండు రోజుల్లోనే వియత్నాం నాయకుడు ఫోన్ చేసి మీ సరుకు మీద సుంకం సున్నా చేస్తామన్నాడు. జూలైలో దానికి దొరికింది 20 శాతం, ఇంకో దేశం సరుకు తన మీదుగా పంపితే 40. కంబోడియాకి 19, ఇండోనేషియాకి 19, బంగ్లాదేశ్‌కి 20, శ్రీలంకకి 20. ముందు పరుగెత్తినవాడికీ, నింపాదిగా వచ్చినవాడికీ తేడా ఒక శాతం! ఒక్కొక్కర్నీ విడిగా గదిలోకి పిలిచి మాట్లాడటంలోని కిటుకు ఇదే. పక్కవాడు ఏం ఇచ్చాడో తెలియక ప్రతివాడూ కాస్త ఎక్కువ ఇస్తాడు. ఆ ఐదు దేశాలూ అమెరికాకి బట్టలు, బూట్లు అమ్మేవే, ఒకరి ఆఫర్ ఒకరికి చెప్పుకుని ఉంటే బాగుండేది. కానీ ఒకరి ఆర్డర్ పోతే ఇంకొకరికి వస్తుంది, అందుకే చెప్పుకోరు.

డబ్బుంటే తప్పించుకోవచ్చు అనుకోవడానికీ లేదు. ఆగస్టులో స్విట్జర్లాండ్‌కి 39 శాతం పడింది. నవంబర్‌లో ఆ దేశపు వ్యాపారవేత్తలు వైట్ హౌస్‌కి వెళ్ళి వచ్చాక 15కి తగ్గింది. వాళ్ళు రోలెక్స్ టేబుల్ గడియారం, బంగారు కడ్డీ కానుకగా పట్టుకెళ్ళారని వార్తలొచ్చాయి. అమెరికాలో పెట్టుబడులు పెడతామన్న మాట కూడా ఇచ్చారు, అది వేరే విషయం. నేను కానుకలు పట్టుకెళ్ళే పద్ధతిని సిఫార్సు చేయడం లేదు.

మనకి 2025 ఆగస్టు 7 నుంచి 25 శాతం, రష్యా చమురు కొంటున్నామని ఆగస్టు 27 నుంచి ఇంకో 25, మొత్తం 50 పడింది. మన దగ్గర ముందుగా దెబ్బ తిన్నది రొయ్య. నెల్లూరు తీరమే కాదు, కోట, వాకాడు, చిల్లకూరు అప్పటికి తిరుపతి జిల్లాలోనే ఉన్నాయి కాబట్టి ఇది మీ జిల్లా సమస్య కూడా అయింది. చెరువులో రొయ్య తోతాపురి లాంటిదే, పట్టే సైజు (కౌంటు) వచ్చాక ఉంచితే మేత ఖర్చు, వైరస్ భయం. అమెరికాకి మనకంటే బాగా దగ్గరలో ఈక్వడార్ ఉంది, అప్పుడు దాని సుంకం 15 శాతం. వ్యవసాయం, పాల ఉత్పత్తులు తెరవమని అమెరికా అడిగితే ఢిల్లీ ససేమిరా అన్నది. పాల విషయంలో అలా నిలబడటం నాకు సబబే అనిపిస్తుంది. ఇంటి వెనక రెండు ఆవులతో నెల గడిపే కుటుంబాలు చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. కానీ ఆ నిలబడటానికి అయ్యే ఖర్చు రొయ్య రైతు ఒక్కడి మీదే వేస్తే ఎన్నాళ్ళు ఆగుతాడు? కోల్డ్ స్టోరేజీకి, వడ్డీకి, వేరే మార్కెట్ తనిఖీలకి ప్రభుత్వం డబ్బు పెడితే అది బేరానికి పెట్టిన పెట్టుబడి. 2025 జూలై 24న బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందంలో రొయ్యకి సుంకం లేని దారి పెట్టడం సరైన దిశ. ఐస్‌లాండ్‌కి సోవియట్లు దొరికినట్టు మనకి ఒక్కడే దొరకడు, నలుగురైదుగురిని కూడగట్టుకోవాలి.

వియత్నాం ఈ పని ఇదివరకే చేసి చూపించింది. 2003లో దాని బాసా చేప మీద మరీ తక్కువ ధరకి తెచ్చి కుమ్మరిస్తున్నారంటూ అమెరికా యాంటీ డంపింగ్ సుంకం వేసింది, అంతకుముందే దాన్ని ‘క్యాట్‌ఫిష్’ అని అమ్మకూడదని చట్టం చేసింది. వియత్నాం కేసులతో పాటు యూరప్, మిగతా ఆసియా మార్కెట్లు వెతుక్కుంది. కొన్నేళ్ళలో ఆ చేప అమ్మకాలు పడిపోకపోగా ఎన్నో రెట్లు పెరిగాయి.

ఇక మీ ప్రాజెక్టు. ఐస్‌లాండ్ తీసుకోవద్దు, అందరూ అదే రాస్తారు, పైగా ప్రచ్ఛన్న యుద్ధం తీసేస్తే ఆ కథ నిలబడదు. నన్నడిగితే వియత్నాం బాసాని, మన రొయ్యని పక్కపక్కన పెట్టండి. సుంకం పడక ముందు మూడేళ్ళు, పడ్డాక మూడేళ్ళు (మన రొయ్యకైతే ఇప్పటిదాకా లెక్కలు దొరికినంత మేర) ఏ దేశానికి ఎంత సరుకు పోయిందో తీయండి. మన లెక్కలు కేంద్రం వారి సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా ఏటా ప్రచురిస్తుంది, సరుకుల వర్గీకరణలో వాడే హెచ్ఎస్ కోడ్ 0306 దగ్గర మొదలుపెట్టండి, వండి ప్యాక్ చేసిన రొయ్య 1605 కింద వస్తుంది, దాన్ని మర్చిపోతే లెక్క తప్పుతుంది. అంకెలు వచ్చాక నాయుడుపేట, గూడూరు వైపు ప్రాసెసింగ్ యూనిట్లలో ఎగుమతి మేనేజర్లని కలవండి. ధర ఎంత తగ్గింది అని అడిగితే అందరూ చెబుతారు. తగ్గిన ధరలో ఎంత అమెరికా బయ్యర్ భరించాడు, ఎంత యూనిట్ భరించింది, ఎంత చెరువు గట్టు దాకా వచ్చింది అని విడదీసి అడగండి. గైడ్ గారు ఒప్పుకుంటే తోతాపురి మీద కూడా ఒక అధ్యాయం పెట్టండి, మీ నాన్నగారి దగ్గర నాలుగైదు సీజన్ల ఫ్యాక్టరీ స్లిప్పులు ఉండే ఉంటాయి.